దేవుడు అవునన్న అంచు

లమస్సి నవ్విందంటే కజల్లు రాజనగరులో గోడల మీది పావురాలు కూడా లేచిపోయేవి. రాణి అయినది అలా పగలబడి నవ్వవచ్చా అని తారమ్ మొదట్లో చాలాసార్లు అంది. ఆ నవ్వు వినడానికే రాజు మధ్యాహ్నం పూట పనులు మానుకుని ఆ వాకిట్లోకి పోతున్నాడని తెలిసిన రోజు నుంచి అనడం మానేసింది. అనడం మానేసింది గాని వినడం మానలేకపోయింది. ఇద్దరి గదుల మధ్యా ఉన్నది ఒక్క మట్టిగోడ. అది ఎండనైతే ఆపేది.

తారమ్ పెద్దరాణి. కాలువలు చూసే అధికారి కూతురు. నగరులో కొట్లూ, నేతగదులూ, నూనె జాడీలూ అన్నీ ఆమె చేతికిందే. కొట్టు తలుపుకి తాడు చుట్టి, ముడి మీద తడిమట్టి అద్ది, దాని మీద తన ముద్రరాయి దొర్లించిందంటే, మళ్ళీ ఆమె వచ్చి పగలగొట్టేదాకా ఆ తలుపు జోలికి పోయే మగాడు లేడు. లమస్సి చిన్నరాణి. గొర్రెలు కాసే తెగ పెద్ద కూతురు, గుడారాల్లో పెరిగింది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమె దుప్పటి దులిపితే నగరంతా మేకల దొడ్డి వాసనేనని దాసీలు ముక్కులు మూసుకునేవారు.

అయితే ఆ పిల్ల అడుగుపెట్టిన ఏడే ఊరి కాలువ ఒడ్లొరుసుకుని పారింది. "చిన్నరాణి కాలు మంచిదిరా!" అని బార్లీ చేలల్లో ఒకటే పాట. అంతకు ముందు ఎండాకాలమంతా తండ్రి వెంటపడి, బతిమాలి, తారమ్ ఆ కాలువ పూడిక తీయించిన సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు. అక్కడ పుట్టింది మంట. తర్వాత దానికి ఎండుపుల్లలు వాటంతటవే దొరికాయి. తారమ్ నాటించిన ఖర్జూరం గొడ్డుపోతే, లమస్సి గింజ ఉమ్మిన చోట మొక్క లేచింది. ఊరికి జ్వరాలు వచ్చిన ఏడు తారమ్ కూతురు రెండేళ్ళ పిల్ల పోయింది. గోడకి అటువైపు లమస్సి కొడుక్కి ఒళ్ళు కూడా వెచ్చబడలేదు. పాపను ఇంటి నేలకింద పాతిపెడుతున్నప్పుడు లమస్సి వచ్చి తనను పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపును మాత్రం తారమ్ ఇప్పటికీ క్షమించలేదు. అన్నీ ఉన్నవాళ్ళకి ఏడవడం కూడా బాగానే వస్తుంది మరి!

ఇక తారమ్‌కి మిగిలింది కొడుకు ఎతెల్లు. రాజుగారి పెద్దకొడుకు. మాట నెమ్మది, నడక నెమ్మది, ఒట్టు పెడితే తప్పడు, గుడిముందు నుంచి చెయ్యెత్తకుండా పోడు. లమస్సి కొడుకు బునియా వాడికంటే రెండేళ్ళు చిన్న. తల్లి నవ్వే వాడిదీ. బండి ఎక్కితే కంచరగాడిదలకు రెక్కలొచ్చేవి, సిపాయిలకు వాడంటే ప్రాణం. గద్దె ఎతెల్లుకి దక్కాలి. తారమ్ బతుకులో మిగిలిన కోరిక అదొక్కటే. అది కూడా గోడ అవతలికే పోతుందని ఆమె భయం.

ఆ ఏడు చలికాలంలో రాజు ఇబ్బి-దగాన్‌కు ఒకపూట మూతి వంకర పోయి, ఎడమచెయ్యి చచ్చుబడింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది గాని గుండె నిబ్బరం రాలేదు. వారసుణ్ణి చెప్పేయాలి అనుకున్నాడు. పెద్దవాడికే ఇవ్వాలని కట్టుబాటేమీ లేదు. తండ్రి ఎవరి చెయ్యి పట్టి నిలబెడితే వాడే. కాని పట్టుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. తమకు చేతగాని పని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టడం రాజులకు కొత్త కాదు కదా. రాణులిద్దర్నీ పిలిపించాడు.

"సూర్యదేవుణ్ణే అడుగుదాం. మీ మీ కొడుకుల జుట్టు ఒక కొస, బట్ట అంచు ఒక ముక్క కోసి బుట్టలో పెట్టి ఇవ్వండి. పెద్దవాడి బుట్టకి ఎర్ర దారం, చిన్నవాడి బుట్టకి నీలం దారం కట్టండి. ఏ దారం ఎవరిదో మన ముగ్గురికే తెలియాలి. గొర్రెపిల్ల కార్జం చూసి దేవుడి మాట చెప్పే ఇమ్గురుమ్‌కి చెప్పొద్దు," అన్నాడు.

"మంచిది. తెలిస్తే ఆ ముసలాయనకి కొందరు నెయ్యి ఖర్జూరం ఉండలు మోస్తారు," అంది తారమ్.

"ఎందుకు మోయనక్కా? పళ్ళులేని ముసలాయన, ఉండలు మెత్తగా ఉంటాయని తింటాడు. నువ్వూ పంపచ్చుగా? కొట్టు నీదే, నెయ్యి నీదే. మనసొకటే రావాలి," అని లమస్సి నవ్వింది.

రాజు వంకర మూతితోనే నవ్వాపుకోవడం తారమ్ చూసింది. ఒంటికి కారం రాసుకున్నట్టయింది ఆమెకు.

మనిషి జుట్టూ అంచూ ఉన్నచోట మనిషి ఉన్నట్టే. ఊళ్ళో మొగుడు పెళ్ళాన్ని వదిలేసినా ఆమె అంచే కోస్తాడు. ఇక రాజుల మాట చెప్పేదేముంది. తారమ్ తన కొడుక్కి నేసిన అంచు నాలుగు పోగులు పేని, చివర చిన్న ముడులు వేసిన సన్నపని. లమస్సిది గుడారాల పని, ఉన్నిని మూడు పాయలుగా అల్లిన జడ. వాళ్ళిద్దరికీ, వాళ్ళ కొడుకులకీ తప్ప ఆ తేడా పట్టేవాళ్ళు ఎవరూ లేరు. జుట్టు చూస్తే అన్నదమ్ములిద్దరిదీ తండ్రి జుట్టే, నల్లగా, గరుగ్గా. బుట్టలు రెండూ ఇంటి దేవుళ్ళ గదిలో పెట్టి, తలుపుకి తారమ్ తన ముద్రే వేసింది. మర్నాడు పొద్దుటే గుడికి పోవాలి.

మధ్యాహ్నం ఎండకు నగరంతా పడుకుంది. తారమ్‌కి మాత్రం కన్ను మూతపడలేదు. ఆమె వెంట పుట్టింటి నుంచి వచ్చిన దాసి మన్నతు పక్కనే కూర్చుని విసురుతోంది.

"ఏమే మన్నతూ, దేవుడు ఎవర్ని అంటాడంటావ్?"

"మన బాబునే అంటాడమ్మా. ఆ పిల్లాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టని దేవుడున్నాడా ఈ ఊళ్ళో?"

"దణ్ణాలకు కరిగేవాడైతే నా కూతురు బతికేది." తారమ్ లేచి కూర్చుంది. "దానికి అన్నీ కలిసొస్తాయే. నీళ్ళొచ్చినా దానివల్లే, గింజ మొలిచినా దానివల్లే. మొగుడు దాని వైపే. ఊరు దాని వైపే. దేవుడొక్కడు ఇటొస్తాడా? ఆయనా మగాడేగా!"

"అయ్యో, లెంపలేసుకోండమ్మా!"

"రేపు నీలం దారానికి అవునంటాడు. చూస్తూ ఉండు. అది నవ్వుతుంది. ఆ నవ్వు ఈ గోడ ఇవతల కూర్చుని నేను చచ్చేదాకా వినాలి." ఆమె మెళ్ళో ముద్రరాయిని వేళ్ళ మధ్య దొర్లించింది. మెల్లగా అంది. "దేవుడు చూసేది జుట్టునీ అంచునీ. రాజు చూసేది దారాన్ని. అవునా?"

మన్నతు విసనకర్ర ఆగిపోయింది. "అమ్మా, వద్దు. దేవుడితో దాగుడుమూతలా?"

"అదృష్టం దానిది. పేరు నా కొడుకుది. తప్పేముంది?" అని తారమ్ లేచింది.

తన ముద్రను తనే పగలగొట్టింది. గది చల్లగా, చీకటిగా ఉంది. మట్టి దేవుళ్ళు గూట్లోంచి గుడ్లప్పగించి చూస్తున్నారు. ఎర్ర దారం బుట్ట తెరిస్తే తన చేత్తో వేసిన ముడులు కనిపించాయి. ఒక్క క్షణం ప్రాణం ఉసూరుమంది. ఆ వెంటనే గోడ అవతల నిద్రలోనే ఎవరో నవ్వినట్టయింది. అంతే, రెండు చేతులూ పని చేశాయి. ఎతెల్లు జుట్టూ అంచూ నీలం బుట్టలోకి, బునియావి ఎర్ర బుట్టలోకి. మూతలు పెట్టి బయటికొచ్చి, తలుపుకి కొత్త మట్టి అద్ది, ముద్ర దొర్లించింది. ఆ పూట ఆమె కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే గుడి ముందు జనం. రాజు పీట మీద కూర్చున్నాడు. రాణులు చెరో పక్క. కొడుకులిద్దరూ శుభ్రంగా స్నానం చేసి, నూనె రాసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపల ఇమ్గురుమ్ ఒక్కో బుట్టనీ దేవుడి ముందు పెట్టి, గొర్రెపిల్ల చెవిలో అడిగేది బయటికి కూడా వినపడుతోంది. "సూర్యదేవా షమాష్, న్యాయం చెప్పే దొరా! ఈ జుట్టు ఎవరిదో, ఈ అంచు ఎవరిదో, వాడు ఈ గద్దె మీద కూర్చోవడం నీకు సమ్మతమేనా?"

చాలాసేపు పట్టింది. ముసలాయన మణికట్టుదాకా రక్తంతో బయటికొచ్చాడు.

"ఎర్ర దారం," అన్నాడు.

తారమ్ చిరునవ్వు సిద్ధం చేసుకుంది. గొప్పలు పోయినట్టు ఉండకూడదు, పెద్దరాణిలా ఉండాలి అని కూడా అనుకుంది.

"కార్జం కుడివైపు నల్లబడింది. దాని మీద దారి అనే గీత తెగిపోయింది. దేవుడు కాదన్నాడు. రెండో పిల్లను కోసి సరిచూశాను, అదే మాట. నీలం దారం: తెల్లగా, నిండుగా, ఎక్కడా మచ్చలేదు. నా బతుకులో ఇలాంటి కార్జం చూడలేదు ఏలికా. దేవుడు అవునన్నాడు. నవ్వుతూ అన్నాడు."

రాజు బునియా చెయ్యి పట్టి నిలబెట్టాడు. జనం "బునియా! బునియా!" అని కేకలు. తారమ్‌కి చెవులు గింగురుమన్నాయి. కాదన్నది బునియాని. నవ్వుతూ అవునన్నది తన ఎతెల్లుని. దేవుడు తన కొడుకును కోరుకున్నాడు! ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకరు తన వైపు తిరిగి చూస్తే, ఆ చూపును తనే మోసుకెళ్ళి గోడ అవతల పెట్టి వచ్చింది. నోరు తెరిచి చెప్పడానికి లేదు. దేవుడి బుట్టలో చెయ్యి పెట్టిన వాళ్ళను తీసుకెళ్ళి నదిలో దించుతారు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది.

ఇమ్గురుమ్ బుట్టలు ఎవరివి వాళ్ళకిచ్చాడు. లమస్సి కళ్ళ నీళ్ళతో, నవ్వుతో, కొడుకు అంచును ముద్దు పెట్టుకుందామని అక్కడే మూత తీసింది. చెయ్యి ఆగిపోయింది. లోపల ఉన్నది మూడు పాయల జడ కాదు, నాలుగు పోగుల ముడులు. లమస్సి తలెత్తి తారమ్‌ని చూసింది. ఆమెకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు, గుడారాల్లో పెరిగినంత మాత్రాన బుర్రలేనిది కాదు. మెల్లగా మూత పెట్టి, బుట్టను పొట్టకు ఆనించుకుని, కొడుకు వైపు తిరిగింది. నవ్వింది గాని పావురాలు లేవలేదు.

తారమ్ ఇంటికొచ్చి ఎర్ర బుట్ట తెరిచింది. లోపల సవతి అల్లిన ఉన్ని జడ. దాన్ని తన గదిలో ఒక్క క్షణం కూడా ఉంచుకోలేకపోయింది. రొట్టెల పొయ్యి మండుతోంది. బుట్ట, జుట్టు, అంచు అన్నీ ఎత్తి అందులో పారేసింది. ఉన్ని కాలిన కంపు వాకిలంతా కమ్మాక గాని ఆమెకు తెలియలేదు, తన దగ్గరున్న ఒక్కగానొక్క సాక్ష్యాన్ని తనే తగలబెట్టుకుందని. కడుపుమంట కాస్త ఆగితే కదా బుద్ధి మాట వినపడేది!

సాయంత్రం ఎతెల్లు వచ్చాడు. సరిహద్దులో కోట ఒకటి వాడికిచ్చి పంపుతున్నారు. పట్టాభిషేకం కాగానే బయలుదేరాలి. తల్లి కాళ్ళ దగ్గర చాప మీద కూర్చున్నాడు.

"గద్దె పోయినందుకు కాదమ్మా. తమ్ముడు బాగానే ఏలుతాడు. నాకొక్కటే అంతుపట్టడంలేదు. నాలో ఏం చూసి కాదన్నాడంటావ్? అబద్ధమాడానా? ఎవడి పొలమన్నా తిన్నానా? అదేదో తెలిస్తే దిద్దుకుంటాను. పొద్దున గుడిముందు చెయ్యెత్తబోయి మానేశాను. వద్దన్నవాడి ముందు ఏం మొహం పెట్టుకుని ఎత్తను?"

తారమ్ చాప మీదికి దిగి కూర్చుంది. వాడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"నీలో లోపం లేదు నాన్నా. ఆయన నిన్నే అన్నాడు. నవ్వుతూ అన్నాడు. బుట్టలు నేనే మార్చాను. నీది నీలం దానిలో పెట్టాను."

వాడు తలెత్తి చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నా కోసం ఇంత మాట అనగలిగావా అమ్మా!"

"అబద్ధం కాదురా..."

"పిన్నంటే నీకు పడదని నాకు తెలియదా? చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. పిన్ని బార్లీ గంజి కాస్తే అందులోనూ రాళ్ళున్నాయనేదానివి. నన్ను ఓదార్చడానికే అన్నా, ఇంకెక్కడా అనకు. నది దగ్గరికి ఈడుస్తారు. నిజమే అయితే, ఏదీ, ఎర్ర బుట్ట చూపించు."

తారమ్ పొయ్యి వైపు చూసింది. వాడూ చూశాడు. జాలిగా నవ్వి, కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ అసూయ ఆమె మాటకున్న విలువంతా తినేసింది. తీరా నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు, కన్నకొడుకు కూడా దాన్ని సవతి ఏడుపే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున తారమ్ గోడ చుట్టూ తిరిగి సవతి వాకిట్లోకి వెళ్ళింది. పాప పోయాక ఆ గడప తొక్కడం అదే మొదలు. లమస్సి నేల మీద కూర్చుని బునియాకి పట్టాభిషేకం వస్త్రం అంచు అల్లుతోంది. చూసి లేవలేదు.

"రా అక్కా. కూర్చో. బీరు పోయించమంటావా?"

"పరాచికాలొద్దు. నీకు తెలుసు."

"తెలుసు."

"గద్దె నీ కొడుక్కే ఉంచుకో. నా కొడుక్కి ఒక్క మాట చెప్పు చాలు. దేవుడు వాణ్ణి కాదనలేదని. నేను చెబితే నమ్మడంలేదు, నువ్వు చెబితే నమ్ముతాడు. ఆ అంచు చూపించు. నీ కాళ్ళు పట్టుకుంటా." అని తారమ్ నిజంగానే వంగింది.

లమస్సి గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. "ఛ, లేక్కా! పెద్దదానివి." తర్వాత అల్లిక ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. "చెప్పను. నేను చెబితే నమ్ముతాడనే చెప్పను. నమ్మినవాడు కోటలో కూర్చుని ఊరుకుంటాడేమో, వాడు బంగారం. వాడి వెనకున్న వాళ్ళు ఊరుకుంటారా? అన్నదమ్ములు కత్తులు దూసుకుంటారు. నీ పిల్లో నా పిల్లో పోతారు. ఇప్పటికే ఒక పిల్లను నేలలో పెట్టి చూశాం."

 "పారేశావా దాన్ని?" అంది తారమ్.

లమస్సి లేచి, పరుపు కింద నుంచి నీలం దారం బుట్ట తీసింది. మూత తీసి చూపించింది గాని ఇవ్వలేదు.

"పారేద్దామనే కాలువ దాకా పోయా. చెయ్యి రాలేదు. దేవుడు నవ్వుతూ అవునన్న అంచక్కా ఇది! రాత్రంతా తీసి చూసుకుంటూనే ఉన్నా. ఈ ముడులు నావైతే ఎంత బావుండేది, ఈ జుట్టు నా పిల్లాడిదైతే ఎంత బావుండేది అని." ఆమె ముడుల మీద వేలు రాసింది. "వాడు సింహాసనం ఎక్కుతాడు. ఎక్కిన ప్రతిసారీ నాకు ఆ ముసలాయన మాటే వినపడుతుంది. కార్జం నల్లబడింది, దారి తెగింది. నా బిడ్డ గురించి అన్న మాట అది. ఎందుకు చేశావక్కా ఈ పని? చెయ్యకపోతే నేను ఓడిపోయేదాన్ని. ఓడిపోయి, రెండు రోజులు ఏడ్చి, నిద్రపోయేదాన్ని."

"వాడికే అవునంటాడనుకున్నా," అంది తారమ్. "నా కొడుకునంటాడని నాకు తోచనే లేదు."

లమస్సి మూత పెట్టి, బుట్టను మళ్ళీ పరుపు కిందికి తోసింది. తర్వాత తారమ్ లేచి, గోడ చుట్టూ తిరిగి తన గదికి వచ్చేసింది.

కొత్త సంవత్సరం పండుగనాడు బునియాని గద్దె మీద కూర్చోబెట్టారు. ముసలిరాజు కుడిచెయ్యి కొడుకు భుజం మీద వేసి నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి, మోకాళ్ళ మీద వంగి, కొత్త రాజు బట్ట అంచు పట్టుకుని "నీ మనిషిని" అని పోవాలి. మొదట రావలసింది అన్న.

ఎతెల్లు తన నెమ్మది నడకతోనే వచ్చాడు.  వాడు వంగి, ఉన్ని జడ అల్లిన ఆ అంచును రెండు చేతులా పట్టుకుని, కళ్ళకద్దుకుని, "నీ మనిషిని తమ్ముడూ," అన్నాడు. గొంతు వణకలేదు. బునియానే తడబడి, అన్న భుజాలు పట్టి లేపబోయాడు.

తారమ్ అప్పుడు కొడుకు వైపు చూడలేక, అలవాటు కొద్దీ సవతి వైపు చూసింది. ఎంతైనా ఈ రోజు అది నవ్వుతుంది, ఆ నవ్వు భరించాల్సిందే అనుకుంది. లమస్సి గద్దె వైపు చూడటంలేదు. నూనె మెరుస్తున్న కొత్త రాజు వైపు చూడటంలేదు. నేల మీద వంగి ఉన్న ఎతెల్లునే రెప్పవేయకుండా, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది.

ఏదో ఒక రోజు ఇది నన్ను చూసి కుళ్ళుకోవాలి అని తారమ్ ఎందరు దేవుళ్ళకు మొక్కుకుందో లెక్కలేదు. మొక్కు తీరింది. ఆ చూపు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఇన్నేళ్ళూ కాపురమున్నది తన కళ్ళలోనే.